మూసీ ఒడ్డున నిలిచిన ధననిధి: మూడవ సాలార్ జంగు జీవితము

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 22వ అధ్యాయము, లూకా 12:13–21, యోహాను 6:1–13



గడచిన వేసవిలో మా సంఘపు యౌవనస్థులు కొందరిని, వారితోకూడ తానును రావలెనని పట్టుపట్టిన ఒక ముసలి అవ్వను వెంటబెట్టుకొని మేము హైదరాబాదు పట్టణమునకు వెళ్లితిమి. ఇమ్లిబన్ బస్సు స్టాండులో దిగి, మూసీ నది దాటి, పాతబస్తీ వైపున దక్షిణపు ఒడ్డుననున్న సాలార్ జంగు మ్యూజియమునకు నడిచితిమి. యౌవనస్థులు గడియారము చూడవలెనని ముందుకు పరుగెత్తిరి. అవ్వ కాళ్ల నొప్పులతో మెల్లగా నడుచుచుండగా మేము ఆమెకు తోడుగా నిలిచితిమి.

ఒక గదిలో తెల్లని చలువరాతి విగ్రహము ఒకటి ఉన్నది. ముసుగు వేసికొనిన ఒక పడుచు బొమ్మ అది. ముఖముమీద పలుచని గుడ్డ తడిసి అంటుకొనినట్లు కనబడును. ఆ గుడ్డలోనుండి కన్నులు, ముక్కు, పెదవులు కూడ తెలియుచుండును. ఆమె రిబ్కా అని మేము అవ్వతో చెప్పితిమి. ఇస్సాకును దూరమునుండి చూచి ఒంటె దిగి ముసుగు వేసికొనిన రిబ్కాయే. అవ్వకు చదువురాదు గాని ఆదికాండము 24వ అధ్యాయము మొదటినుండి చివరివరకు కంఠస్థము. ఆ ముసుగు నిజమైన బట్ట కాదనియు, ముఖమును ముసుగును ఒక్కటే రాయి అనియు తెలిసికొనినప్పుడు ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, ఆ చెక్కిన చేతికి దేవుడే పని నేర్పియుండునని మెల్లగా అనెను. ఆ మాట విని నిర్గమకాండములోని బెసలేలు మాకు జ్ఞాపకము వచ్చెను. బంగారము, వెండి, రాయి, కఱ్ఱ పనిచేయుటకు దేవుడు తన ఆత్మతో నింపిన మొదటి పనివాడు అతడే గదా.

ఆ దినమున మా మనస్సులో పుట్టిన ఆలోచనయే ఈ వ్యాసము. ఆ వస్తువులను పోగుచేసిన మనుష్యుని జీవితమును మీ ముందు ఉంచవలెనని కోరుచున్నాము. ఆయన దైవసేవకుడు కాడు, మిషనెరీ కాడు. పాతబస్తీలో బ్రదికి, పాతబస్తీలోనే సమాధి చేయబడిన ముస్లిము నవాబు. సంఘ పత్రికలో ఇట్టివాని కథ ఎందుకని కొందరు అడుగవచ్చును. దేవుడు కోరెషు చేతిద్వారా తన ప్రజలకు మేలు చేయలేదా? ఎజ్రా మొదటి అధ్యాయమును చదివి చూడుడి. యెరూషలేము మందిరపు ఉపకరణములను కోరెషు తన ఖజానాదారునిచేత ఒక్కొక్కటిగా లెక్కవేయించి తిరిగి అప్పగించెను. ఆ లెక్క అయిదువేల నాలుగు వందలని లేఖనమే వ్రాసిపెట్టెను. ఉపకరణములు ఎన్నియో లెక్కపెట్టి వ్రాయుట కూడ పరిశుద్ధ గ్రంథములో చోటు పొందిన పనియే.

తండ్రి ముఖము చూడని బిడ్డ

మీర్ యూసుఫ్ అలీ ఖాను 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనాలో పుట్టెను. ఆయన తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాను, అనగా రెండవ సాలార్ జంగు, చిన్న వయస్సులోనే నిజాము రాజ్యమునకు దివానుగా ఉండి ఆ పదవి విడిచినవాడు. బిడ్డ పుట్టి నెల తిరుగకముందే, జూలై నెలలో, ఆ తండ్రి చనిపోయెను. గొప్ప ఇంటిలో పుట్టినను ఆ బిడ్డ తండ్రి లేనివాడుగానే పెరిగెను.

తాత ఇంకను పెద్ద పేరుగలవాడు. ఆయన మీర్ తురాబ్ అలీ ఖాను, మొదటి సాలార్ జంగు. 1853లో, ఇరువదినాలుగేండ్ల వయస్సులో, దివాను పదవిలోనికి వచ్చి 1883లో చనిపోవువరకు ముప్పది సంవత్సరములు ఆ పని చేసెను. అంతకుముందు పన్నులను గుత్తకు పాడుకొనినవారు రైతును పిండుకొని తినుచుండిరి. ఆయన దానిని మాన్పుటకు పూనుకొని, దేశమును జిల్లాలుగా విభాగించి, జీతము పుచ్చుకొను అధికారులను పెట్టెను. 1856లో పాతబస్తీలో దారుల్ ఉలూమ్ అను పాఠశాలను స్థాపించెను. మేము చూచిన రిబ్కా విగ్రహమును ఇటలీ శిల్పి బెంజోని చెక్కగా, 1876లో ఐరోపా ప్రయాణము చేసినప్పుడు రోము నగరములో కొని తెచ్చినవాడు ఈ తాతయే. కాబట్టి పోగుచేయు అలవాటు ఆ ఇంటిలో మనుమనితో ప్రారంభమైనది కాదు.

తండ్రిలేని ఆ బిడ్డ పెంపకమును, చదువును ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను శ్రద్ధతో కనిపెట్టి చూచెను. మూసీ ఒడ్డున దివాన్ దేవిడీ అను ఆ వంశపువారి భవనములు ఉండెను. అక్కడనే బాలుడు పెరిగెను.

ఆయనకు పందొమ్మిదేండ్లు వచ్చినప్పుడు, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీ పొంగెను. ఆ వరదలో సుమారు పదునైదు వేలమంది చనిపోయిరని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణములోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఈనాటికిని ఉస్మానియా ఆసుపత్రిలో ఉన్నది. నీళ్లకు ధనవంతుడు, దరిద్రుడు అను భేదము తెలియదు. వంటపాత్ర ఏది, వందలయేండ్ల పుస్తకము ఏది అనియు తెలియదు. మనుష్యుడు కూర్చుకొనినది ఒక్క రాత్రిలో ఎట్లు పోవునో ఆ తరమువారందరు కన్నులారా చూచిరి.

ఎక్కిన పదవి, దిగిన పదవి

1911లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను సింహాసనమునకు వచ్చెను. మరుసటి సంవత్సరము, 1912లో, ఇరువదిమూడేండ్ల యూసుఫ్ అలీ ఖానును ప్రధానమంత్రిగా నియమించెను. తాతయు తండ్రియు కూర్చుండిన కుర్చీ అది. అయితే రెండేండ్లు దాటి కొంతకాలమునకే, 1914లో, ఆయన ఆ పదవిని విడిచిపెట్టెను. మరల ఆ పదవిని ఎన్నడును చేపట్టలేదు.

పదవి పోయిన మనుష్యుడు ఏమి చేయునో మనము గ్రామములలో చూచుచునే యున్నాము. కొందరు పగ పట్టుదురు, కొందరు తాగుడులో పడుదురు, కొందరు అరుగుమీద కూర్చుండి పోయిన దినములను తలపోసికొందురు. ఈయనకు పట్టుమని పాతికేండ్లు, చేతినిండ ధనము, ఎదుట ఖాళీ దినములు. అటువంటి వయస్సులో అటువంటి ధనము ఎందరిని పాడుచేసెనో చెప్పనక్కరలేదు. ఆయన మాత్రము మిగిలిన ముప్పదియైదు సంవత్సరములను ఒక్క పనికి అప్పగించెను. లోకములో మనుష్యుల చేతులు చేసినవాటిని, మనుష్యుల బుద్ధి వ్రాసినవాటిని వెదకి తెచ్చుటయే ఆ పని. ఆయన వివాహము చేసికొనలేదు. ఐరోపాకును పశ్చిమాసియా దేశములకును స్వయముగా ప్రయాణము చేసెను. ఆయన ఆసక్తి తెలిసి దూరదేశములనుండి వర్తకులు పాతబస్తీకి వచ్చి దివాన్ దేవిడీ వాకిట నిలుచుండిరి.

ఏమేమి పోగుచేసెను?

వస్తువులు నలభై వేలకు పైగా ఉన్నవి. చేతివ్రాత గ్రంథములు ఎనిమిది వేలకు పైగా, అచ్చు పుస్తకములు నలభై వేలకు మించి ఉన్నవి. మొగలు చక్రవర్తుల కత్తులు, పచ్చరాతిలో చెక్కిన పిడులు, చీనాదేశపు పింగాణి, జపానుదేశపు పట్టు, పారసీకపు తివాచీలు, దక్కను చిత్రములు, దంతపు కుర్చీలు అన్నియు ఒక్క కప్పు క్రింద ఉన్నవి.

మా యౌవనస్థులు పరుగెత్తి వెళ్లిన గడియారము కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ అను వర్తకులనుండి వచ్చినది. గంట కొట్టు సమయమునకు గడ్డముగల చిన్న బొమ్మ లోపలనుండి బయటికి వచ్చి, గంట కొట్టి, మరల లోపలికి పోవును. ప్రక్కన కమ్మరి బొమ్మ క్షణమునకొక్కసారి సుత్తి వేయుచుండును. నూరేండ్లకు పైగా ఆ కమ్మరి దెబ్బ వేయుచునే యున్నాడు. దినములు లెక్కించుట నేర్పుమని కీర్తనకారుడు దేవుని వేడుకొనిన తొంబదవ కీర్తన మా మనస్సునకు వచ్చెను. మా యౌవనస్థులు నవ్వుచు చూచిరి. మాకు నవ్వు రాలేదు.

మరియొక గదిలో ఒకే మ్రానుతో చెక్కిన జంట బొమ్మ ఉన్నది. ముందునుండి చూచినయెడల తల ఎత్తి నిలిచిన గర్వపు సాతాను దూత. వెనుకనున్న అద్దములో చూచినయెడల తల వంచి ప్రార్థన పుస్తకము పట్టుకొనిన కన్య. జర్మనీ దేశపు గొప్ప కవి గేటే వ్రాసిన నాటకములో ఫౌస్టు అను పండితుడు అన్ని శాస్త్రములు చదివియు తృప్తిలేక తన ఆత్మను దుష్టునికి తాకట్టు పెట్టును. అతనిని మోసగించిన దూతయు, అతనివలన చెడిపోయిన కన్యయు వీరే. చదువు ఎటు తిరిగి నిలుచునో దానినిబట్టి అది గర్వము కావచ్చును, ప్రార్థన కావచ్చును. మ్రాను ఒక్కటే.

వెదకువారి పని

సంఘస్థులారా, అట్టి వస్తువులను చూచి ఆశ్చర్యపడి ఇంటికి వచ్చుట మనవంటివారి వంతు. పరిశోధన చేయు పండితులకు మాత్రము ఆ ఇల్లు వేడుక స్థలము కాదు, పని స్థలము. పరిశోధన అను మాట విని మన జనులు భయపడుదురు. దాని అర్థము వెదకుట, అంతే. పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లంతయు ఊడ్చి వెదకిన స్త్రీ లూకా 15వ అధ్యాయములో ఉన్నది. పండితుడు చేయునదియు అదియే.

చేతివ్రాత గ్రంథము ఒకటి చేతికి వచ్చినప్పుడు పండితుడు మొదట ఆకులు లెక్కపెట్టును. కాగితము ఏది, సిరా ఏది, అక్షరముల తీరు ఏది అని చూచును. చివరి ఆకులో వ్రాతకాడు తన పేరును, ముగించిన సంవత్సరమును, ఊరిని వ్రాసెనా అని వెదకును. ఎవరెవరి ఇండ్లలో ఆ పుస్తకము ఉండెనో తెలుపు ముద్రలు అంచులలో ఉండును, వాటిని చదువును. ఒక పుస్తకమునకు రెండు మూడు ప్రతులు దొరికినయెడల వాటిని ప్రక్కప్రక్కన పెట్టి, వ్రాతకాడు ఎక్కడ తప్పెనో, ఎక్కడ పంక్తి విడిచెనో సరిచూచును. మన చేతిలోని పరిశుద్ధ గ్రంథము కూడ ఇట్టి ఓపికగల వెదకువారి పరిశ్రమవలననే పాత వ్రాతప్రతులతో సరిచూడబడి మనకు చేరినదని మేము సెమినరీలో చదువుకొంటిమి. యోషీయా రాజు దినములలో మందిరము బాగుచేయుచుండగా హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. అది ఎన్నేండ్లు దుమ్ములో పడియుండెనో! దొరికిన ఆ ఒక్క పుస్తకము ఒక దేశమును మోకాళ్లమీదికి తెచ్చెను.

సాలార్ జంగు ఇంటి గ్రంథములలో వైద్యము ఉన్నది, గణితము ఉన్నది, నక్షత్రశాస్త్రము ఉన్నది, చరిత్ర ఉన్నది, కవిత్వము ఉన్నది. 1591లో హైదరాబాదు నగరమును కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ భాషలో పద్యములు వ్రాసిన కవి. ఆయన పద్యముల పాత చేతివ్రాత ప్రతి, బంగారు పనితో కూడినది, ఈ ఇంటిలో ఉన్నది. దక్కనీ వ్రాతప్రతులను అచ్చువేయు పనికి సాలార్ జంగు చేయూత ఇచ్చెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు పండితుడు మొహియుద్దీన్ ఖాద్రి జోర్ ఆ రాజకవి పద్యములన్నిటిని పరిష్కరించి 1940లో వెలువరించెను. మూడు వందల యేండ్లు పెట్టెలలోనున్న మాటలు మరల జనుల నోటికి వచ్చెను. తరువాత, 1957లో, నసీరుద్దీన్ హాష్మీ అను పండితుడు ఈ గ్రంథాలయములోని ఉర్దూ వ్రాతప్రతుల పట్టికను ప్రకటించెను.

విజ్ఞానశాస్త్రపు పనియు అట్లే సాగెను. ఆ ఇంటిలో ఇత్తడి పళ్లెములవంటి పాత యంత్రములు ఉన్నవి. సూర్యుని యెత్తునుగాని ఒక నక్షత్రపు ఎత్తునుగాని దానితో చూచి, గంట ఎంతయైనదో, తానున్న చోటు ఏ అక్షాంశములో ఉన్నదో ఆ కాలపువారు లెక్కకట్టుచుండిరి. శ్రీరాముల రాజేశ్వర శర్మ అను పండితుడు వాటిని పరీక్షించి 1996లో ఒక గ్రంథము వెలువరించెను. గీతలు గీసిన ఆ ఇత్తడిని మనము చూచినయెడల పాత పళ్లెమని ప్రక్కన పెట్టుదుము. ఎరిగినవాని కన్నులకు అది ఆకాశపు పటము. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి బయలుదేరినప్పుడు వారి వెనుకను ఎన్ని రాత్రుల లెక్కలు ఉండెనో ఎవరు చెప్పగలరు?

శిల్పము ఒక గదిలో, నక్షత్రములు ఒక గదిలో, వైద్యము ఒక గదిలో, పద్యము ఒక గదిలో ఉన్నవి. సొలొమోను లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలచు హిస్సోపు వరకు చెట్లనుగూర్చియు, మృగములు, పక్షులు, చేపలనుగూర్చియు మాటలాడెనని 1 రాజులు నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. అదే సొలొమోను పాటలును వ్రాసెను. విద్యలు అన్నియు ఒక్క తండ్రి యింటి గదులే. గోడలు కట్టినది మనము.

ఆ ధనము ఎక్కడిది?

ఇంతవరకు వ్రాసి మేము కలము ప్రక్కన పెట్టితిమి. ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. మేము రైతు బిడ్డలము. మా సంఘములో అధికభాగము కూలివారు. ఆ కత్తులు, ఆ పింగాణి, ఆ గడియారము కొన్న రూపాయలు ఎక్కడివి? ఆ వంశపువారికి కోస్గి, కొప్పళ మొదలైన చోట్ల జాగీరులు ఉండెను. ఆ గ్రామముల శిస్తు దివాన్ దేవిడీకి చేరుచుండెను. దున్నినవాడు, నాటు వేసినది, కోతకు వంగినది మన వంటివారే. కూలివాని కేక సైన్యముల కధిపతియగు ప్రభువు చెవులలో పడుచున్నదని యాకోబు తన పత్రికలో హెచ్చరించెను. దానిని దాచి ఆ నవాబును పొగడుట మాకు తగదు. అందమైన వస్తువు అన్యాయమును కడిగివేయదు.

అయితే అదే కాలములో శిస్తు తిన్న దొరలు ఇంకను అనేకులు ఉండిరి. వారిలో ఎందరి ధనము ఏమైనదో నేడు మనకు తెలియదు. ఈయన ధనము ఏమైనదో చూతము.

ఇవి ఎవరివి అగును?

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో చేరెను. మరుసటి సంవత్సరము, 1949 మార్చి 2వ తేదీన, మూడవ సాలార్ జంగు చనిపోయెను. వయస్సు అరువదియేండ్లు నిండలేదు. భార్య లేదు, పిల్లలు లేరు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ అను శ్మశానములో, తన పెద్దల ప్రక్కన, ఆయనను సమాధి చేసిరి. వేల వస్తువులు భవనములలో చెల్లాచెదరుగా ఉండెను. తనతో తీసికొనిపోయినది ఒక్కటియు లేదు.

లూకా 12వ అధ్యాయములో కొట్లు విప్పి గొప్పవాటిని కట్టింపదలచిన ధనవంతుని దేవుడు అడిగిన ప్రశ్న మీరెరుగుదురు. సిద్ధపరచినవి ఎవరివి అగునని ఆ ప్రశ్న. పాతబస్తీలోని ఆ భవనముల యెదుట 1949లో అదే ప్రశ్న నిలిచెను. వారసులమని వచ్చినవారు అనేకులు. ఆ ఉపమానమునకు ముందు ఏమి జరిగెనో చూడుడి: జనసమూహములో ఒకడు, తన సహోదరుడు పిత్రార్జితములో తనకు పాలు పంచునట్లు చెప్పుమని ప్రభువును అడిగెను. పంచుకొనినయెడల ఏమగును? కత్తి ఒక యింటికి, పుస్తకము ఒక యింటికి, తివాచీ అంగడికి పోవును. వెదకువారికి మిగులునది ఏమియు ఉండదు.

అట్లు జరుగలేదు. ప్రభుత్వము ఆస్తిని కాపాడుటకు ఏర్పాటు చేసెను. అప్పటి ముఖ్య పౌరపరిపాలకుడు వెల్లోడి అను అధికారి, వస్తువులను క్రమపరచుటకు డాక్టరు జేమ్స్ కజిన్స్ అను ఐర్లండు దేశపు కవిని, కళావిమర్శకుని కోరెను. ఈ కజిన్స్ మన మదనపల్లె కళాశాలలో ప్రధానాచార్యుడుగా పనిచేసినవాడే. ఆయన చెల్లాచెదరైనవాటిని పేర్చి పెట్టగా, 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలోనే ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆ మ్యూజియమును ప్రజలకు తెరచెను. 1958 డిసెంబరులో వారసులు రాజీకి వచ్చి, ఆ వస్తువులన్నిటిని విడదీయక భారత ప్రభుత్వమునకు అప్పగించిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన ఇప్పటి భవనములోనికి అది మారెను.

శిస్తు కట్టిన రైతుల మనుమలు, మునిమనుమలు నేడు టిక్కెట్టు కొనుక్కొని తలయెత్తి ఆ వాకిట ప్రవేశించుచున్నారు. మా అవ్వ ప్రవేశించెను. నవాబుగారి వాకిట ఆమె పెద్దలు చెప్పులు విడిచి నిలువవలసినవారు. ఆమె రిబ్కా ముందర తనకు కావలసినంతసేపు నిలిచెను, ఎవరును పొమ్మనలేదు. దేవుడు పాత బాకీని ఈ రీతిగా కొంతవరకైనను తీర్పించెనేమో అని మాకు తోచెను.

మన పెట్టెలోని చెదలు

ఇప్పుడు మా తప్పును ఒప్పుకొనవలెను. మేము ఈ సంఘమునకు వచ్చినప్పుడు పాస్టరు నివాసములోని గోడ అలమారులో ఒక పాత బాప్తిస్మ రిజిష్టరు, దానితోకూడ కాలముచేసిన ఒక ఉపదేశి చేతివ్రాత కీర్తనల పుస్తకము ఉండెను. తరువాత చూతమని పెట్టితిమి. వర్షాకాలములు రెండు గడచెను. ఒకనాడు ఒక కుటుంబమువారు వచ్చి తమ తాతగారు ఎప్పుడు బాప్తిస్మము పొందెనో, ఆయన పాత పేరు ఏమో చూచి చెప్పుమని అయ్యగారిని, అనగా మమ్మును, అడిగిరి. అలమారు తెరచితిమి. అట్టలు మాత్రము నిలిచియుండెను. లోపల అంతయు చెదపుట్ట. ఆ ఉపదేశి కట్టిన కీర్తనలలో మూడు మాత్రము మన అవ్వల నోళ్లలో మిగిలియున్నవి. తక్కినవి ఏవో ఎవరికిని తెలియదు. ఆ కుటుంబపువారు ఏమియు అనక వెళ్లిపోయిరి. ఏమైనను అనియుండినయెడల మాకు కొంత తేలికగా ఉండెడిది.

ఒక నవాబు తన వంశముది కాని, తన మతముది కాని, తన భాషది కాని వస్తువును కూడ పోగొట్టక దాచెను. మాకు అప్పగింపబడిన రెండు పుస్తకములను మేము దాచలేకపోతిమి. అయిదు రొట్టెలు అయిదువేలమందికి పంచిన ప్రభువునకు మిగిలిన ముక్కలతో పని ఏమి? అయినను ఏదియు పాడుకాకూడదని వాటిని ఏరించెను. పండ్రెండు గంపలు నిండెను. పౌలు చెరసాలలో చలికి వణకుచు, తన అంగీతోపాటు పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను, తెమ్మని తిమోతికి కబురు పంపెను. వీరిద్దరికంటె మేము ఆత్మీయులమా?

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో ప్రతి సంఘమును ఒక పని చేయవలెనని వేడుకొనుచున్నాము. మీ దేవాలయపు పెట్టెలు తెరువుడి. రిజిష్టర్లను ఎండిన చోట, నేలకు ఎత్తుగా పెట్టి, వేపాకులు వేసి, మన పెద్దలు తాళపత్రములను కట్టినట్లు శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచుడి. చదువుకొనిన బిడ్డలచేత వాటికి ఇంకొక ప్రతి వ్రాయింపుడి. సెల్‌ఫోనుగలవారు ప్రతి పుటకు ఫోటో తీసి ఉంచుడి. వృద్ధులయొద్ద కూర్చుండి, పాత కీర్తనలను, మొదటి విశ్వాసుల సంగతులను అడిగి వ్రాసికొనుడి. వారు వెళ్లిపోయిన తరువాత ఏ మ్యూజియములోను అవి దొరకవు. మీ పిల్లలలో ఎవరికైనను వెదకు బుద్ధి ఉన్నయెడల, అది శాస్త్రమైనను చిత్రలేఖనమైనను పద్యమైనను, పొలము పని కాదని దానిని త్రుంచివేయకుడి. బెసలేలు మన సంఘములో పుట్టియుండవచ్చును.

మేమును ఆ ముసలి అవ్వయొద్ద కూర్చుండి ఆ ఉపదేశి కీర్తనలు మూడు వ్రాసికొంటిమి. నాలుగవదానిలో రెండు చరణములు ఆమెకు జ్ఞాపకము వచ్చినవి. మిగిలినది ప్రక్క పల్లెలో ఇంకొక వృద్ధురాలికి తెలియునని చెప్పెను. వచ్చే వారము అక్కడికి వెళ్లనున్నాము.

ప్రార్థన: సమస్త జ్ఞానమునకు మూలమైన తండ్రీ, మాకు అప్పగించినవాటిని నిర్లక్ష్యము చేసిన మా పాపమును క్షమించుము. దాచువారికి ఓపికను, వెదకువారికి వెలుగును, ధనముగలవారికి న్యాయబుద్ధిని దయచేయుము. మా సంఘములలో మిగిలిన ముక్కలను ఏరుకొనుటకు మా చేతులను బలపరచుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.